రంగం నుంచి బారిసాల్ దాకా: డెర్బీ కోసం కోల్‌కతా

2025 ఆగస్టు 14, గురువారం

డూరాండ్ కప్ ఫుట్‌బాల్ క్వార్టర్ ఫైనల్లో డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు పెద్ద క్లబ్బుల మ్యాచ్, పడిందని తెలిసినప్పటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆదివారం సాయంత్రం, సాల్ట్ లేక్ స్టేడియం, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్. ఆఫీసులో సోమవారానికి సెలవు చెప్పేసి, వైజాగ్‌లో కోరమాండల్ ఎక్కాను. బ్యాగులో రెండు జతల బట్టలు, ఎర్ర-పసుపు జెర్సీ, అమ్మ కట్టిచ్చిన పులిహోర.

వైజాగ్ వాడికి ఈస్ట్ బెంగాల్ ఏమిటని చాలామంది అడుగుతారు. నాన్న పనిచేసిన చోట బెంగాలీలు ఉండేవారు, ఆ రేడియో కామెంటరీలతో మొదలైంది, అది ఒక కారణం. అసలు కారణం మా నానమ్మ. ఆవిడ రంగంలో పుట్టింది. రంగూన్‌ని మా ఉత్తరాంధ్రలో ఇప్పటికీ పెద్దవాళ్ళు రంగం అనే అంటారు. శ్రీకాకుళం పల్లెల నుంచి పొట్ట చేత పట్టుకుని ఓడెక్కినవాళ్ళు అక్కడ రేవుల్లో, మిల్లుల్లో పనిచేశారు, పిల్లల్ని కన్నారు, అదే ఊరనుకున్నారు. 1962లో నే విన్ సైన్యంతో గద్దె ఎక్కాడు, 1964లో దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాడు, మనవాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కి తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంప్ అనే పేరు అలా వచ్చిందే. నానమ్మ చనిపోయేదాకా "మా ఊళ్ళో అయితేనా" అని మొదలుపెడితే అది రంగం గురించే. ఊరు పోగొట్టుకుని కోల్‌కతా చేరినవాళ్ళు నమ్ముకున్న ఈస్ట్ బెంగాల్ చరిత్ర మొదటిసారి చదివినప్పుడు ఇది మా ఇంటి కథే కదా అనిపించింది, అంతే, ఇక వేరే క్లబ్ వైపు చూడలేదు.

రైల్లో నెట్ వచ్చినప్పుడల్లా వార్తలు చూస్తూ కూర్చున్నాను. నిన్న రాత్రి ఇటలీలోని ఉడీనేలో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ నడిపే సూపర్ కప్ జరిగింది, మ్యాచ్‌కి ముందు మైదానంలో ఒక బ్యానర్ పరిచారు, పిల్లల్ని చంపడం ఆపండి, పౌరుల్ని చంపడం ఆపండి అని. ఎవరు చంపుతున్నారో అందులో లేదు. వారం కిందట గాజాలో సులేమాన్ అల్ ఒబైద్ చనిపోయాడు, పాలస్తీనా జాతీయ జట్టుకి ఆడినవాడు, వాళ్ళ పెలే అని పిలుచుకునేవారు, వయసు 41. సహాయ సామగ్రి కోసం ఎదురుచూస్తున్న జనం మీద ఇజ్రాయెల్ జరిపిన దాడిలో పోయాడని పాలస్తీనా ఫుట్‌బాల్ సంఘం చెప్పింది. యూఈఎఫ్‌ఏ సంతాపం పెట్టింది గానీ అందులో ఎలా పోయాడన్న మాటే లేదు. లివర్‌పూల్ ఆటగాడు మహమ్మద్ సలా సూటిగా అడిగాడు, ఎలా చనిపోయాడు, ఎక్కడ, ఎందుకు, చెప్పగలరా అని. ఆ బ్యానర్ వచ్చింది ఆ ప్రశ్న తర్వాతే.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్ళిన నాలుగైదు రోజుల్లోనే ఫిఫా, యూఈఎఫ్‌ఏ కలిసి రష్యా జట్లను పక్కన పెట్టాయి. మంచి పనే చేశాయి, నేను అప్పుడూ సమర్థించాను. కానీ ఆ కొలబద్ద ఒక దేశానికే ఉండి ఇంకో దేశానికి లేకపోతే దాన్ని నియమం అనడానికి నాకు నోరు రాదు. "ఆటలోకి రాజకీయాలు తేవద్దు" అని మనవాళ్ళు కూడా గట్టిగా అంటుంటారు. రేపు నేను దిగబోయే ఊళ్ళో ఆ మాట ఎవరూ అనలేరు, అక్కడ ఆటే రాజకీయంలోంచి వచ్చింది.

పలాస దాటాక లైట్లు ఆర్పేశారు. పులిహోర సగం పక్క బెర్త్ కుర్రాడు తిన్నాడు, బాలాసోర్‌లో దిగాలన్నాడు.

ఆగస్టు 15, శుక్రవారం

పొద్దున ఖరగ్‌పూర్‌లో టీ కోసం దిగితే ప్లాట్‌ఫారం మీద తెలుగు. "ఒరే, చిల్లర లేదంటున్నాడు, నువ్వియ్యి" అని ఒక పెద్దాయన వెనక్కి తిరిగి అరుస్తున్నాడు. రైల్వే పనులకి వచ్చి తరతరాలుగా స్థిరపడ్డ మనవాళ్ళు ఆ ఊళ్ళో బోలెడుమంది. ఆయనతో రెండు నిమిషాలు మాట్లాడాను, డెర్బీకి వెళ్తున్నానంటే "మోహన్ బగానే కదా" అన్నాడు, కాదన్నాను, నవ్వి ఊరుకున్నాడు.

కోరమాండల్ ఇప్పుడు హౌరాకి వెళ్ళదు, షాలిమార్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి టాక్సీలో విద్యాసాగర్ సేతు దాటి దక్షిణ కోల్‌కతాలోని బిజయ్‌గఢ్‌కి. మా మిత్రుడి ఇల్లు అక్కడే. ఫుట్‌బాల్ పిచ్చితో కలిసినవాళ్ళం, నన్ను "భాయ్" అంటాడు, నేను "దాదా" అంటాను. దారి పొడవునా ప్రతి క్లబ్బు ముందూ జెండా వందనం, మైకుల్లో పాటలు. మధ్యమధ్యలో బాల్కనీల మీద వేలాడుతున్న ఎర్ర-పసుపు గుడ్డలు, అవి పంద్రాగస్టువి కావు.

బిజయ్‌గఢ్ అంటే రెండో ప్రపంచయుద్ధంలో సైనిక శిబిరం ఉన్న చోటు. యుద్ధం అయ్యాక ఖాళీగా పడి ఉన్న ఆ షెడ్లలోకి తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు చేరారు, ఎవరి అనుమతీ లేకుండా స్థలాలు పంచుకుని కాలనీ కట్టుకున్నారు, బడి పెట్టుకున్నారు. దాదా వాళ్ళ నానమ్మ, ఠాకుమా అని పిలుస్తారు, పదేళ్ళ పిల్లగా ఇప్పటి బంగ్లాదేశ్‌లోని బారిసాల్ నుంచి వచ్చింది. 1950లో అక్కడ అల్లర్లు జరిగాయి. స్టీమరు, తర్వాత రైలు, తర్వాత సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారం. ఆ ప్లాట్‌ఫారం మీదే చాలా రోజులు వండుకుని తిన్నారట. ఆవిడ బెంగాలీ నాకు సగమే అర్థమైంది, పైగా అది బారిసాల్ యాస, దాదా హిందీలో చెబుతూ పోయాడు. నేను మా నానమ్మ గురించి, రంగం గురించి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఓడలోనా, రైల్లోనా" అని అడిగింది. ఓడలో అన్నాను. "సామాను ఏం తెచ్చుకున్నారు బాబా" అంది. ఒక ట్రంకు పెట్టె, ఒక కుట్టు మిషన్ అని చెప్పాను. కుట్టు మిషన్ అనగానే ఆవిడ తలూపింది, వాళ్ళమ్మ కూడా ప్లాట్‌ఫారం మీద పక్కవాళ్ళ మిషన్ అరువు తీసుకుని కుట్టేదట.

క్లబ్ మాత్రం విభజనకి చాలా ముందే పుట్టింది. 1920 ఆగస్టు 1. జోడాబగాన్ క్లబ్బు మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కి శైలేష్ బోస్‌ని జట్టులోంచి తీసేసింది, తూర్పు బెంగాల్ వాడని చిన్నచూపు చూశారన్న కోపంతో ఆ క్లబ్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటికొచ్చి కొత్త క్లబ్ పెట్టాడు. ఇరవై ఏడేళ్ళ తర్వాత లక్షలమంది అదే తూర్పు నుంచి నిలువనీడ లేకుండా వచ్చిపడ్డప్పుడు, ఈ ఊళ్ళో తమ ఊరి పేరు గౌరవంగా వినిపించింది ఆ క్లబ్బులోనే. వాళ్ళని బాంగాల్ అన్నారు, ఇక్కడివాళ్ళని ఘోటీ. ఉద్యోగాల్లో, పెళ్ళి సంబంధాల్లో, అద్దె ఇళ్ళ దగ్గర బాంగాల్ అంటే మొహం తిప్పుకునేవారట. ఆదివారం మైదానంలో మాత్రం లెక్క సమానం.

ఇంకో కారణానికి కూడా ఈ క్లబ్బుకి మనం దగ్గర కావాలి. 1940ల చివర, 50ల మొదట్లో ఈస్ట్ బెంగాల్‌ని ఏలిన ముందు వరస అయిదుగురినీ బెంగాలీలు పంచపాండవులు అన్నారు: వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అయిదుగురూ దక్షిణాదివాళ్ళే. 1949, 50, 51 వరసగా మూడుసార్లు కోల్‌కతా పాత టోర్నీ ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచారు. అప్పారావు పేరు ఠాకుమా నోట బెంగాలీ సాగదీతతో విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, వాళ్ళ నాన్న ప్లాట్‌ఫారం బతుకులో కూడా ఆ పేరు చెప్పుకునేవాడట. ఊరు పోయినవాళ్ళు నమ్ముకున్న జట్టులో ఒక్క బెంగాలీ కూడా లేని ముందు వరస! "మా ప్రాంతం క్లబ్బు, మా భాష క్లబ్బు" అని ఎవరైనా గిరి గీసుకుంటానంటే ఈ అయిదు పేర్లూ చదివి వినిపించాలి.

ఈరోజే మహమ్మద్ హబీబ్ వర్ధంతి కూడా. హైదరాబాద్ నుంచి పదహారు పదిహేడేళ్ళకే వచ్చి, కోల్‌కతా మూడు పెద్ద క్లబ్బులకీ ఆడి, 'బడే మియా' అయిపోయినవాడు, 2023లో ఇదే రోజు పోయాడు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ చొక్కాతో 2-2 డ్రా ఆడిన జట్టులో ఉన్నాడు. రాత్రి భోజనాల దగ్గర దాదా వాళ్ళ నాన్న "మోహన్ బగాన్‌లో ఉన్నప్పుడు కూడా ఆయన్ని తిట్టడానికి మాకు మనసొప్పేది కాదు" అన్నారు. మన హైదరాబాద్‌లో ఆయన పేరు మీద ఒక మైదానమైనా ఉండాల్సింది.

ఆగస్టు 16, శనివారం

పొద్దున లేచేసరికి అలాస్కా వార్త. ట్రంప్, పుతిన్ కలిశారు, ఎర్ర తివాచీ, చప్పట్లు, కాల్పుల విరమణ లేదు. యుద్ధం నడుస్తున్న దేశం ఆ గదిలో లేకుండా ఆ దేశం సరిహద్దు గురించి మాట్లాడుకున్నారు. బిజయ్‌గఢ్‌లో కూర్చుని ఆ వార్త చదివితే వేరేగా ఉంటుంది. ఇక్కడ ప్రతి ఇల్లూ అలాంటి ఒక గది వల్లే వచ్చింది.

మైదాన్‌కి మెట్రోలో వెళ్ళాం. ఆగస్టు 16ని బెంగాల్‌లో ఫుట్‌బాల్ అభిమానుల దినం అంటారు. 1980లో ఈ రోజు ఈడెన్ గార్డెన్స్‌లో లీగ్ డెర్బీ, ఇద్దరు ఆటగాళ్ళు తలపడి రెడ్ కార్డులు వచ్చాక గ్యాలరీలో గొడవ మొదలై, తొక్కిసలాటలో పదహారు మంది చనిపోయారు. వాళ్ళ గుర్తుగా ఏటా రక్తదాన శిబిరాలు పెడతారు. మేమిద్దరం కూడా ఇచ్చాం. నా పక్క మంచం మీద ఆకుపచ్చ-మెరూన్ జెర్సీ వేసుకున్న కుర్రాడు, చేతికి సూది ఉండగానే ఫోన్‌లో రేపటి జట్టు చూసుకుంటున్నాడు. "రేపు మాది నాలుగు" అన్నాడు, వాడు వేళ్ళు చూపించబోతే నర్సమ్మ కసిరింది.

క్లబ్ టెంట్ గురించి చెప్పాలి. మైదాన్ అంతా సైన్యం భూమి, వందేళ్ళ క్లబ్బులకి కూడా అక్కడ ఉన్నవి టెంట్లే, పేరుకి టెంట్ అయినా ఆఫీసు, క్యాంటీన్, గ్రౌండు అన్నీ ఉంటాయి. లోపల గోడల నిండా ఫోటోలు. 1953లో రొమేనియా, సోవియట్ యూనియన్ వెళ్ళిన జట్టు. 1970లో ఇరాన్ నుంచి వచ్చిన పాస్ టెహ్రాన్‌ని పరిమళ్ దే గోలుతో ఓడించిన షీల్డ్ ఫైనల్. 2003లో జకార్తాలో ఆసియాన్ క్లబ్ కప్, ఫైనల్లో థాయ్‌లాండ్ క్లబ్ బీఈసీ టెరో మీద 3-1.

జకార్తా అనగానే 1962 గుర్తురాకుండా ఉండదు. మన హైదరాబాద్ రహీమ్ సాబ్ కోచ్‌గా ఆసియా క్రీడల స్వర్ణం. ఆ క్రీడలకి ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళకి ఇండోనేషియా వీసాలివ్వలేదు, అది తప్పని మన క్రీడా అధికారి జి.డి. సోంధీ బహిరంగంగా అన్నాడు, దాంతో ఊరంతా మన మీద తిరగబడింది, మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఫైనల్లో స్టేడియం మొత్తం ఈలలు వేసి గేలి చేస్తుంటే మనవాళ్ళు దక్షిణ కొరియాని 2-1తో కొట్టారు. మన వైపు కేకలు వేసింది పాకిస్తాన్ హాకీ జట్టు అని ఆడినవాళ్ళే చెప్పుకున్నారు. ఆ జట్టులో తులసీదాస్ బలరామ్ ఉన్నాడు, సికింద్రాబాద్ కుర్రాడు, ఈస్ట్ బెంగాల్ ప్రాణం, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్ళకే ఆట మానేయాల్సి వచ్చింది. తర్వాత బతుకంతా ఈ బెంగాల్లోనే గడిపి 2023లో పోయాడు. రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో 1963లోనే వెళ్ళిపోయారు. ఆ తర్వాత మనకి ఆసియా స్వర్ణం లేదు. ఈ జులైలో ఫిఫా ర్యాంకు 133.

ఇక్కడే క్లబ్ మీద నా కోపం కూడా చెప్పేస్తాను. 2018 నుంచి ముగ్గురు పెట్టుబడిదారులు మారారు. ప్రతిసారీ అదే తంతు: ఒప్పందం మీద సంతకానికి చివరి రోజుదాకా లాగడం, అందువల్ల ఆలస్యంగా ఆటగాళ్ళని కొనడం, మిగిలినవాళ్ళతో సీజన్ మొదలుపెట్టడం. 2021 జులైలో అభిమానులు ఇదే టెంట్ ముందు నిలబడి సంతకం ఎందుకు పెట్టరని అడిగితే లాఠీలు పడ్డాయి. 2020లో దేశంలోని పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోకి వచ్చాం, ఇప్పటిదాకా ఆ లీగులో ఒక్క డెర్బీ గెలవలేదు. పోయిన సీజన్‌ని వరసగా ఆరు ఓటములతో మొదలుపెట్టి తొమ్మిదో స్థానంలో ముగించాం, అదే సీజన్లో పక్క టెంట్ మోహన్ బగాన్ వాళ్ళు లీగ్ షీల్డూ కప్పూ రెండూ ఎత్తుకెళ్ళారు. కోచ్‌ని మార్చాం, ఆస్కార్ బ్రుజోన్ వచ్చాడు, ఆట కాస్త కుదుటపడింది, అది ఒప్పుకోవాలి. కానీ క్లబ్ నడపడమంటే జట్టు కొనడం ఒక్కటే కాదు. సభ్యుల ఓటుకి విలువ ఉండాలి, లెక్కలు బయటపెట్టాలి, పిల్లల జట్లకి ప్రతి ఏటా ఇంత అని కేటాయించాలి.

లీగ్ పరిస్థితి ఇంకా ఘోరం. సమాఖ్యకీ, లీగ్ నడిపే సంస్థకీ మధ్య ఒప్పందం డిసెంబర్‌తో అయిపోతుంది, కొత్తది లేదు, పోయిన నెల సీజన్నే ఆపి పెట్టారు. కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి రెండేళ్ళు తిరగకుండానే ఏ గతి పట్టిందో మనం చూశాం, జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. దాన్ని కాపాడుకోవడానికి వీధిలోకి వచ్చే పదివేల మంది మనకి లేకపోయారు. ఈస్ట్ బెంగాల్‌కి ఉన్నారు. పెట్టుబడిదారులు ఎంతమంది మారినా ఈ క్లబ్ నిలబడిందంటే వాళ్ళ వల్లే.

ఆగస్టు 17, ఆదివారం

కోల్‌కతాలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోని విషయం ఒకటి ఉంది, నాకు మాత్రం పొద్దున నుంచీ అదే తిరిగింది. ఇండియా, పాకిస్తాన్‌ల మధ్య సరిహద్దుగా గీసిన రాడ్‌క్లిఫ్ గీత బయటపెట్టింది 1947 ఆగస్టు 17న. స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకి. ఆ రెండు రోజులూ ఖుల్నా వాళ్ళు తాము ఇండియా అనుకున్నారు, ముర్షిదాబాద్‌లో పాకిస్తాన్ జెండా ఎగిరింది, తర్వాత అటుదిటు ఇటుదటు అయింది. నదియాలో కొన్ని ఊళ్ళు ఇప్పటికీ ఆగస్టు 18న స్వాతంత్ర్య దినం చేసుకుంటాయి. ఇక ఈ కప్పు పేరు డూరాండ్. 1888లో దీన్ని మొదలుపెట్టిన మార్టిమర్ డూరాండ్ అయిదేళ్ళ తర్వాత అఫ్గానిస్తాన్‌కీ బ్రిటిష్ ఇండియాకీ మధ్య గీత గీశాడు, పష్తూన్లని రెండు ముక్కలు చేసిన ఆ గీత దగ్గర ఇప్పటికీ తుపాకులు పేలుతూనే ఉన్నాయి. ఒక గీత గీసినవాడి పేరున కప్పు, ఇంకో గీత వల్ల వచ్చినవాళ్ళ క్లబ్బు, ఆ గీత బయటపడ్డ తేదీనే మ్యాచ్. దాదాకి చెబితే "భాయ్, ఈరోజు మాత్రం మన ఆటగాడు బిపిన్ గురించి మాట్లాడు" అన్నాడు.

మధ్యాహ్నం నుంచే ఈఎం బైపాస్ నిండిపోయింది. లారీల మీద, బైకుల మీద, బస్సు టాపుల మీద కాగడా బొమ్మ జెండాలు. కాగడా మా గుర్తు. ఈ స్టేడియంలోనే 1997 ఫెడరేషన్ కప్ సెమీస్ డెర్బీకి లక్షా ముప్పై ఒక్కవేల పైచిలుకు జనం వచ్చారు, మా భూటియా హ్యాట్రిక్, 4-1తో మేం గెలిచాం. ఇప్పుడు కుర్చీలు వేశాక అంత పట్టదు గానీ అరుపులకి లోటేం లేదు.

ఈ గ్యాలరీ ఏం మాట్లాడుతుందో తెలిసినవాళ్ళకి తెలుసు. 2020 జనవరి డెర్బీలో పౌరసత్వ చట్టం గొడవ నడుస్తున్నప్పుడు ఇక్కడ ఒక బ్యానర్ లేచింది, ఈ నేల రక్తంతో కొన్నది, కాగితంతో కాదు అని. ఈ నెల మొదట్లో ఇంకోటి. వేరే రాష్ట్రాల్లో పనికి వెళ్ళిన బెంగాలీ కూలీలని బంగ్లాదేశీలని పట్టుకుంటున్న వార్తలు వరసగా వచ్చాక, దేశం కోసం ఉరికంబం ఎక్కినవాళ్ళం, అమ్మ భాష మాట్లాడితే ఈరోజు బంగ్లాదేశీలమా అని రాశారు. నేను నూటికి నూరుపాళ్ళు వాళ్ళ పక్షం. 1930లో రంగం రేవులో తెలుగు కూలీలని, కోరంగి రేవు పేరు మీద "కోరంగీలు" అంటూ, వెంటపడి చంపారు, పరాయి భాష, పరాయి మొహం, మా పని లాక్కున్నారు అని. కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కి వెళ్ళి 2022 ప్రపంచకప్ ఊళ్ళు కట్టినవాళ్ళు మనవాళ్ళే, శవపేటికల్లో తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. కూలీ చేతిలో కాగితం చూసి మనిషా కాదా అని తేల్చే పద్ధతి ఎక్కడున్నా అది మనల్ని కూడా తాకుతుంది.

మ్యాచ్. మొదట్లోనే హమీద్ అహదాద్ దెబ్బ తగిలి బయటికెళ్ళాడు, మా వరస మొత్తం తల పట్టుకుంది. బదులుగా దిమిత్రియోస్ డయమంటకోస్ వచ్చాడు. పోయిన సీజన్లో అతన్ని ఈ గ్యాలరీ తిట్టని తిట్టు లేదు. 38వ నిమిషంలో బిపిన్ సింగ్‌ని పెనాల్టీ బాక్సులో పడగొట్టారు, విజిల్ పడింది, డయమంటకోస్ బంతి దగ్గరికి నడిచాడు. నా ముందు నిలబడ్డ ముసలాయన వీపు గోల్ వైపు తిప్పి కళ్ళు మూసుకున్నాడు, అరుపు విని గోలో కాదో తెలుసుకుంటాడట. అరుపు వచ్చింది. 1-0.

రెండో సగం మొదలైన కాసేపటికే మళ్ళీ అతనే, 52వ నిమిషం, బాక్సులో తిరిగి కొట్టాడు, నేల అదిరింది. ఎవరో నా మీద నీళ్ళు పోశారు, ఎవరో జెండా కర్రతో నెత్తిన కొట్టారు, ఏదీ పట్టలేదు. మోహన్ బగాన్ ఊరుకునే జట్టు కాదు, 68లో అనిరుధ్ థాపా దూరం నుంచి కొట్టి ఒకటి తగ్గించాడు. అక్కడ నుంచి చివరి విజిల్ దాకా ఉన్న టెన్షన్ చెప్పనలవి కాదు. అన్వర్ అలీ గాలిలో వచ్చిన ప్రతి బంతికీ తల పెట్టాడు, బిపిన్ వెనక్కి వచ్చి తన పెనాల్టీ బాక్సు దగ్గర కాళ్ళు అడ్డం పెడుతున్నాడు, ముసలాయన ఈసారి తిరగలేదు, నా భుజం పట్టుకుని నొక్కుతూనే ఉన్నాడు. 2-1. అయిపోయింది.

రెండు మాటలు ఆట గురించి. ఈ జట్టు మధ్యలో సౌల్ క్రెస్పో, మిగ్యుల్ ఫిగేరా ఉన్నప్పుడు బంతి పోతుందన్న భయం లేదు, పోయిన ఏడాది ఆ భయమే చంపింది. మైదానం రెండు అంచుల్లో ఆడే బిపిన్, ఎడ్మండ్, మహేశ్ ముగ్గురూ ఈశాన్యంవాళ్ళే, ముగ్గురూ పరుగు ఆపలేదు. మణిపూర్ 2023 నుంచి కాలుతుంటే అక్కడి పిల్లలు మన క్లబ్బులన్నిటినీ మోస్తున్నారు, వాళ్ళు గోలు కొట్టినప్పుడు చప్పట్లు కొట్టి, వాళ్ళ ఊరు తగలబడితే చానల్ మార్చేయడం న్యాయం కాదు.

బయటికొచ్చాక గేటు దగ్గర దాదా ఆగాడు. పోయిన ఏడాది ఆగస్టు 18న డెర్బీ ఇక్కడే జరగాలి. ఆర్‌జి కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ డాక్టర్ మీద అత్యాచారం, హత్య జరిగి ఊరంతా రోడ్డు మీద ఉంది. బందోబస్తుకి పోలీసులు చాలరని మ్యాచ్ రద్దు చేశారు. చాలరన్న పోలీసులు అదే సాయంత్రం ఇదే గేటు ముందు కావలసినంతమంది ఉన్నారు, ఎందుకంటే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ మూడు క్లబ్బుల అభిమానులూ కలిసి న్యాయం కావాలని వచ్చారు. లాఠీచార్జి చేశారు. దాదా మోచేతి దగ్గర మచ్చ ఉంది, అప్పుడు తగిలిందే. తనని పక్కకి లాగింది ఎవరో మోహన్ బగాన్ జెర్సీ వేసుకున్న మనిషి అని చెప్పాడు, మళ్ళీ ఎప్పుడూ కనబడలేదట.

ఆగస్టు 18, సోమవారం

గెలిస్తే ఇలిష్ అని ఠాకుమా మాటిచ్చింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ ధర, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర పెరుగుతుందని ఇక్కడ పాత మాట. పొద్దున్నే దాదాతో బజారుకి వెళ్ళాను, చేపలాయన చెప్పిన ధర విని ఇద్దరం మొహాలు చూసుకుని అయినా కొన్నాం. ఇలిష్ అంటే మన పులసే, సముద్రం నుంచి గోదావరికి ఎదురీదితే పులస, పద్మా నదిలోకి వెళ్తే బారిసాల్ వాళ్ళ కంట్లో నీళ్ళు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మన మాట చెబితే ఠాకుమా మెడలో గొలుసు తడుముకుని పెద్దగా నవ్వింది.

ఆవిడ కింద కూర్చుని బొటి మీద చేప కోసింది, అచ్చం మన కత్తిపీటే. కోశాక కడగనివ్వదు, రుచి పోతుందట, ముందే కడిగేయాలి. నూనెలో నల్ల జీలకర్ర, పచ్చిమిరప, వంకాయ ముక్కలు, పల్చటి పులుసు, చివర్లో ముక్కలు వదిలి మూత. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. మా ఇంట్లో అయితే బెండకాయ, చింతపండు, ఆవకాయ నూనె పడాల్సిందే, అది చెప్పాను, ఆవిడ "అది కూడా తినాలి" అంది. బంగ్లాదేశ్ నుంచి ఇలిష్ రావడం ఢాకా రాజకీయాల మీద ఆధారపడి ఉంటుంది. పోయిన ఏడాది హసీనా దేశం వదిలాక ముందు ఎగుమతి లేదన్నారు, తర్వాత దుర్గాపూజకి కొంత వదిలారు. ఠాకుమాకి ఆ ప్రభుత్వం ఈ ప్రభుత్వం అన్న పట్టింపు లేదు. బారిసాల్‌లో తమ ఇంటి చెరువు ఉందో పూడ్చేశారో ఎవరైనా చూసొచ్చి చెబితే చాలంది.

షాలిమార్‌కి వెళ్ళే దారిలో దాదా సెమీస్ టికెట్ల గురించి మాట్లాడుతున్నాడు, బుధవారం డైమండ్ హార్బర్‌తో. నాకు సెలవు లేదు. నేను అడిగింది అమ్మాయిల జట్టు గురించి. మగవాళ్ళ జట్టు జాతీయ లీగు గెలిచి 21 ఏళ్ళు, 2004 తర్వాత లేదు. అమ్మాయిలు ఈ ఏప్రిల్లో గెలిచారు. కల్యాణిలో ఒడిశా ఎఫ్‌సీ మీద 1-0, ఆ ఒక్క గోలు కొట్టింది సౌమ్య గుగులోత్, మన నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి. ఈ ఏడాది దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి కూడా ఆమే. అప్పారావు, బలరామ్, హబీబ్ తర్వాత ఈ జెర్సీలో మన వైపు పేరు అది. తెలుగు పేపర్లలో ఎంత చోటు దక్కిందో వెతికి చూడండి. ఇంకో వారంలో వాళ్ళు కంబోడియా వెళ్తున్నారు, ఏఎఫ్‌సీ మహిళల ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫయర్లు, నమ్‌పెన్‌లో. మగవాళ్ళ డెర్బీకి వచ్చే జనంలో మూడో వంతు కల్యాణికి వెళ్ళినా స్టేడియం నిండుతుంది. దాదా ఇప్పటిదాకా ఒక్క మహిళల మ్యాచ్‌కీ వెళ్ళలేదు, గట్టిగానే అడిగాను, ఠాకుమాని కూడా తీసుకొస్తానన్నాడు. లీగ్ తేదీలు రాగానే నేను టికెట్లు బుక్ చేస్తాను, వైజాగ్ నుంచి ఎవరైనా కలుస్తామంటే ముందే చెప్పండి, కోరమాండల్‌లో ఒకే బోగీలో తీసుకుందాం.